కళ్ళు రెండూ వదిలేసి

బార్ పడిన చప్పుడు నాకు ముందు పిక్కల్లో వినిపిస్తుంది, ఆ తర్వాతే చెవుల్లో. దూకడం మానేసి ఎన్నేళ్ళో అయింది, తల సగం నెరిసింది, అయినా అంతే. ఎక్కడ ఏ కర్ర కింద పడినా, వంటింట్లో అప్పడాల కర్ర జారినా, కుప్పం స్టేషన్‌లో ఊడ్చేవాడు చీపురు పడేసినా, మోకాళ్ళ వెనక చర్మం బిగుసుకుంటుంది. ఇప్పుడూ బిగుసుకుంది. ఎర్ర జెండా ఎత్తాను. ఈ రోజుకు నా పని ఇదే, మదనపల్లె కాలేజీ గ్రౌండ్‌లో హైజంప్ పరుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం, పిల్ల దాటితే తెల్ల జెండా, తగిలి బార్ పడితే ఎర్ర జెండా. ఒకప్పటి స్టేట్ రికార్డు రామాంజినమ్మ అని మైకులో చెప్పారు, మెడలో రిబ్బను వేశారు, ఒక నీళ్ళ బాటిల్ చేతికిచ్చారు. పరుపు మీంచి లేస్తున్నది నా తమ్ముడు మునిరాజ కూతురు మేఘన. సొంత మేనత్త జడ్జిగా కూర్చోవచ్చా అని అడిగినవాళ్ళు లేరు, వరసలు చూసుకుంటూ పోతే మా పక్క అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు. ఎత్తు మీటరున్నర, ఒకటీ యాభై. ఇది దాటితే స్టేట్ మీట్‌కు పోతుంది. మూడుసార్లు దూకొచ్చు, మొదటిది పోయింది. లేచిన పిల్ల నా వైపు చూడలేదు, పడ్డ బార్ వైపూ చూడలేదు. గ్రౌండ్ అవతల సామాన్ల రూము నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్న దామోదర్ సారు వైపు చూసింది. ఆయన నవ్వుతూ చూపుడు వేలు పైకెత్తి చూపించి, మళ్ళీ పక్కనున్నాయనతో మాటల్లో పడ్డాడు.

ఆ వేలు చూసి జనం ఏమనుకుంటారంటే, ఒకటే కదమ్మా పోయింది, ఇంకా రెండున్నాయి, భయపడొద్దు అంటున్నాడు పాపం అనుకుంటారు. ఆయన లెక్క పెట్టుకుంటున్నాడు. దామోదర్ సారు దగ్గర ఒకటే నియమం, నేను పన్నెండేళ్ళ పిల్లగా పోయినప్పుడూ అదే, ఇప్పుడూ అదే. బార్‌కు నువ్వు తగిలితే బార్ నీకు తగులుతుంది. ఎన్నిసార్లు పడగొడితే అన్ని దెబ్బలు. జనం ముందు కాదు, సామాన్ల రూము వెనక. పిలవడం ఉండదు, తిట్టడం ఉండదు, మనమే పోయి గోడ వైపు మొహం పెట్టి, ప్యాంటు మోకాళ్ళ పైకి లాక్కుని, గోడకు చేతులు ఆనించి నిలబడాలి. ఏడిస్తే మళ్ళీ మొదటి నుంచి. అప్పట్లో బార్ అంటే వెదురు కర్ర, ఇప్పుడు ఫైబర్‌ది వచ్చింది, అది కొట్టడానికి కుదరదని కాబోలు, నేను రికార్డు దూకిన ఆ పాత వెదురులో రెండు మూరల ముక్క కోసి, పట్టుకునే చోట సైకిల్ ట్యూబు చుట్టి, ఇన్నేళ్ళుగా వెంట పెట్టుకుని తిరుగుతున్నాడు. సన్మానాల్లో శాలువా కప్పించుకుని ఆ ముక్క పైకెత్తి చూపిస్తాడు. రామాంజినమ్మను ఎగిరించిన కర్ర ఇది అంటాడు, జనం చప్పట్లు కొడతారు. పొద్దున ఎండ ఇంత కాస్తుంటే మిగతా పిల్లలందరూ నిక్కర్లలో దూకుతున్నారు, మేఘన ఒక్కతే వదులు ట్రాక్ ప్యాంటులో నిలబడింది, ఎవరిదో పాతది, మడమల దగ్గర గుడ్డ కుచ్చుకుపోయి ఉంది. "అది తీసెయ్ మే, కాళ్ళకు అడ్డం పడ్తాది" అన్నాను. "వద్దులేత్తా, ఇదే అలవాటు నాకు" అంది. ఇందాక బార్ మీద వెల్లకిలా తిరిగి కాళ్ళు పైకి లేచినప్పుడు ఆ వదులు ప్యాంటు మోకాళ్ళ దాకా జారింది, అప్పుడు చూశాను. ఎర్రవి కొన్ని, నల్లబడ్డవి కొన్ని, మానుతూ పసుపు రంగుకు తిరిగినవి కొన్ని, ఒకదాని మీద ఒకటి అడ్డంగా వాతలు.

వాతలు. మా నాన్న ఓబులప్ప దూడలకు వేసేవాడు, ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి తొడ మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, కాలిన వెంట్రుకల వాసన ఇల్లంతా, వాత పడ్డ దూడ ఎక్కడ తప్పిపోయినా ఇది ఓబులప్పదిరా అని ఎవరో ఒకరు తోలుకొచ్చేవాళ్ళు. మాది పుంగనూరు నుంచి సోమల పోయే దారిలో పల్లె, చెనక్కాయల చేలు, ఎద్దులు, రాళ్ళు, అంతే. పశువుల పండగనాడు ఎద్దు కొమ్ములకు చెక్క పలక కట్టి, డప్పులు కొట్టి బెదరగొట్టి వీధిలోకి వదులుతారు, రెండు పక్కలా మగవాళ్ళు, దాని మీద పడి పలక లాక్కున్నవాడు మొనగాడు. ఆడపిల్లలు మిద్దెల మీద నుంచి చూడాలి. నేనూ మిద్దె మీదే ఉన్నాను, కింద చూస్తే మునిరాజ, నాలుగేళ్ళ వెధవ, నిక్కరు కూడా లేకుండా వీధి మధ్యలో నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. దిగాను. వాణ్ణి ఎవరిదో వాకిట్లోకి తోసేశాను. తిరిగి చూస్తే మా ఎద్దే, మా నాన్న బిడ్డలకంటే బాగా మేపుకున్న ఎద్దే, గుడ్లు తేలేసి, నోట్లో నురగతో, నా మీదికి. నా వెనక రాళ్ళగోడ, గోడ మీద తుమ్మ కంప. ఎట్లా దూకానో నాకు తెలియదు. గాలిలో ఉండగా ఎద్దు గోడను గుద్దుకున్న చప్పుడు, ఏదో విరిగిన చప్పుడు వినిపించింది, నా ఎముకలే అనుకున్నాను. విరిగింది ఎద్దు కొమ్ము, మొదలు దగ్గర్నుంచి, రక్తం దాని కన్ను మీదుగా కారుతోంది. నాన్న ముందు కొమ్మును చూశాడు, ఆ తర్వాత నన్ను చూశాడు, చేతిలో చర్నాకోల ఉండనే ఉంది. డప్పులు ఆగలేదు, ఆ దరువు మీదే కొట్టాడు. ఆ చెయ్యి పట్టుకుని ఆపిన మనిషి దామోదర్ సారు, కొత్తగా మా హైస్కూలుకు వచ్చిన డ్రిల్లు మాస్టరు, తెల్ల బూట్లు, నున్నగా దువ్విన తల. నన్ను కాపాడాడు అనుకున్నాను. ఆయన నా వైపు చూడనేలేదు, గోడ దగ్గరికి పోయి జానలు పెట్టి ఎత్తు కొలిచాడు, కొలిచి, "ఈ పాపను నాకియ్యప్పా" అన్నాడు. నాన్న చర్నాకోల చుట్టి నడుముకు దోపుకుంటూ, సంతలో దూడను అమ్మేటప్పటి గొంతుతోనే, "తీస్కపో సామీ. కండ్లు రెండు ఇడిసిపెట్టి యాడైనా కొట్టు, నేను అడగను" అన్నాడు. మా పక్క బిడ్డను బడిలో వేసే ప్రతి తండ్రీ అనే మాటే అది, దండం పెట్టినంత భక్తిగా అంటారు, అనకపోతే అయ్యవారి మీద గురి లేదని అర్థం. సారు తలూపాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా, నా కళ్ళ జోలికి ఏనాడూ రాలేదు.

గాలి లేచింది. బైపాస్ మీద టమోటా లారీలు పోతున్నాయి, కుళ్ళిన టమోటా వాసన గ్రౌండ్ దాకా వస్తోంది, ఆ వాసనతో పాటే మునిరాజ గొంతు. ఈ పొద్దున నేను కుప్పం నుంచి వస్తుంటే, పుంగనూరు బస్టాండులో బస్సు ఆగినప్పుడు ఫోన్ చేశాడు, లారీ తోలుతూనే, వెనక హారన్లు. "అక్కా, పాప దూకేది వీడియో తియ్యి, నేను మద్రాసు దారిలో ఉండాను. సారు మీద నాకు గురి ఉండాది. జూన్‌లో ఆ మదనపల్లె గ్రౌండు క్యాంపులో ఇడిసినప్పుడే సెప్పినా, సారూ, మా అక్కను సేసినట్లే సెయ్యండి, కండ్లు రెండు ఇడిసిపెట్టి యాడైనా కొట్టండి అని. నాయన మాటే. సారు ఎంత నవ్వినాడో!" ఏం కూశావురా అని నేను నోరు తెరిచేలోపు వాడే అన్నాడు, "యాల అట్ల గమ్మునుండావు? నువ్వు తిన్లేదా దెబ్బలు? తిన్నేదానికే కదా రైల్వేలో కుర్సీ ఎక్కి కూసోని ఉండావు." బస్సు కదిలింది, సిగ్నల్ పోయింది. నేను మిద్దె దిగి వాకిట్లోకి తోసి కాపాడిన వెధవ. ఆ వేళ దిగకుండా ఉంటే ఏమయ్యేది అనుకున్నాను, ఎద్దు కాళ్ళ కింద వాడు నలిగిపోయినట్టు చూసుకున్నాను, పుంగనూరు దాటి చెరువు కట్ట వచ్చేదాకా అదే చూసుకుంటూ కూర్చున్నాను, చూసుకున్నందుకు చెంపలేమీ వేసుకోలేదు. కోపం వస్తే నాకు అంతే, కంటికి రక్తం కనిపిస్తుంది. వాడికి ఏడవడం రాకముందు వాడి ఏడుపు నేను ఏడ్చాను, వాడి బదులు దెబ్బలు నేను తిన్నాను, తిని తిని ఈ ఉద్యోగం తెచ్చుకుంటే, అది చూపించి బిడ్డను కర్ర కిందికి తోశాడు. వీడియో కావాలంట వాడికి.

బార్ పెట్టే పని చూస్తున్న గోపాలస్వామి మాస్టరు దాన్ని సర్ది పక్కకు తప్పుకున్నాడు. మేఘన గుర్తు పెట్టుకున్న చోట నిలబడి అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంది. అట్లా తుడుచుకుంటూ నిలబడొద్దు, చల్లబడితే కాళ్ళు బిగుస్తాయి, పో, పరిగెత్తు. పరిగెత్తింది. నాలుగడుగులు నేరుగా, తర్వాత వంపు, వంపులో ఒళ్ళు లోపలికి వాలింది, అబ్బ, ఎంత బాగా వాలింది, ఆ వాలు ఎవరూ నేర్పరు, అది నాదే, మా వంశానిదే, ఎడమకాలు నేలను తన్నింది. నేనూ తన్నాను, కుర్చీలో కూర్చునే, మోకాలు కలుక్కుమంది. నేను వెల్లకిలా దూకడం నేర్చుకున్నది ఇట్లాంటి నీలం పరుపు మీద కాదు, గోతాల్లో చెనక్కాయల పొట్టు కుక్కి పేర్చిన కుప్ప మీద, కుట్లు విడిపోయి పొట్టు నోట్లోకి, ముక్కుల్లోకి, జాకెట్టులోకి, ఒకసారి గోతాం మధ్యలోంచి తేలు బయటికొచ్చి వీపు మీద కుట్టింది. ఆ రోజు కూడా బార్ పడింది కాబట్టి తేలు కాటుతోనే గోడ దగ్గరికి పోయాను. మరి ఎందుకు దూకావే అని అడగరు ఎవరూ, అడిగితే చెప్తాను. గాలిలో ఉన్నంతసేపు ఎవరూ కొట్టలేరు. నేల మీద నాన్న ఉంటాడు, సారు ఉంటాడు, ఎద్దు ఉంటుంది, పైన ఒక్క రెప్పపాటు ఎవరూ ఉండరు, కింద అందరి తలలూ, అందరి చేతులూ, ఏదీ అందదు. ఆ రెప్పపాటు కోసం మళ్ళీ మళ్ళీ పోయాను, ఎత్తు పెరిగేకొద్దీ ఆ రెప్పపాటు కూడా ఇంత పొడుగు పెరుగుతుందని నాకు ఆశ. మేఘన పైన ఉంది. నడుము దాటింది, తొడలు దాటాయి, మడమలు లాక్కుంది, ప్యాంటు అంచు వేలాడింది, ఆ గుడ్డ బార్‌ను రాసుకుంది. పడింది. ఎర్ర జెండా ఎత్తాను. సారు రెండు వేళ్ళు చూపించాడు.

గుడ్డ తగిలింది, పిల్ల తగల్లేదు. ప్యాంటు లేకపోతే దాటేసేది. వాతలు కనిపిస్తాయని ప్యాంటు, ప్యాంటు వల్ల బార్ పడుతుంది, బార్ పడినందుకు మళ్ళీ వాతలు. ఈ గానుగను తిప్పడానికి ఒక మనిషి కుర్చీలో కూర్చుని వేళ్ళు ఎత్తితే చాలు. నీళ్ళ బాటిల్ మూత తీసి మళ్ళీ పెట్టేశాను. వాన పడిన రోజు గుర్తొచ్చింది, రాకుండా ఎట్లా ఉంటుంది, మోకాలు ఉందిగా గుర్తుచేయడానికి. అదే నా చివరి మీట్. స్టేట్ రికార్డు అప్పటికే నాది, దాని మీద ఇంకో రెండు సెంటీమీటర్లు పెట్టమన్నాడు సారు, నేల తడి, వంపులో కాలు జారింది, ఒళ్ళు ఒక పక్కకు, మోకాలు ఇంకో పక్కకు, లోపల గుడ్డ చినిగినట్టు చప్పుడు. బార్ వచ్చి నా మీదే పడింది. మోకాలి చిప్ప పక్కకు పోయి చర్మం కింద గడ్డలా నిలబడి ఉంది, అది చూసి పక్కనున్న పిల్ల వాంతి చేసుకుంది. నేను ఏం చేశానో తెలుసా? పరుపు మీంచి చేతుల మీద పాక్కుంటూ దిగి, బోర్లా తిరిగి, వేలాడుతున్న కాలికి ప్యాంటు పైకి లాక్కున్నాను. జనం అందరూ ఉన్నారు, గోడ లేదు, అయినా లాక్కున్నాను. సారు వంగాడు. ఒక్కటే కొట్టాడు, మెల్లగా, కోడె భుజం తట్టినట్టు, బతిమాలుకున్నట్టు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. మర్నాడు పేపర్లో ఆ ఫోటో వచ్చింది, శిష్యురాలిని ఓదారుస్తున్న గురువు అని కింద రాశారు. దాన్ని మునిరాజ పటం కట్టించాడు, ఇప్పటికీ వాడి ఇంట్లో టీవీ పైన ఉంది, మేఘన దాని కిందే అన్నం తిని పెరిగింది.

ఆ తర్వాత కుప్పం. ఆటల కోటాలో బుకింగ్ కౌంటరు, అద్దం వెనక కుర్చీ, తెలుగులో ఒకడు, అరవంలో ఒకడు, కన్నడంలో ఒకడు, చిల్లర లేదంటే ముగ్గురూ ఒకే భాషలో తిడతారు. ఒకసారి ఒక తాగుబోతు అద్దం సందులోంచి చెయ్యి పెట్టి నా మణికట్టు పట్టుకున్నాడు, నేను వాడి వేలు వెనక్కి విరిచాను, విరిగింది, చప్పుడుకు మళ్ళీ నా పిక్కలే బిగుసుకున్నాయి. మెమో ఇచ్చారు. ఆ వేలు విరిచినప్పుడు నాకెంత హాయిగా ఉండిందో మెమోకు జవాబులో రాయలేదు. ఆ హాయి తలుచుకుంటూ ఉండగానే నా మీద నీడ పడింది, తలెత్తితే సారు. డెబ్బై దగ్గర పడింది, బూట్లు మాత్రం ఇంకా తెల్లవే. కర్ర చంకలో ఉంది.

"రామాంజీ, సూస్తాండావా? నీ మాదిరే ఉండాది కదా పాప?"

"కొట్టద్దు సార్" అన్నాను. నా గొంతు పన్నెండేళ్ళ పిల్ల గొంతులా వచ్చింది, దానికి ఒళ్ళు మండింది నాకు.

"యాలమ్మా?" నిజంగానే ఆశ్చర్యపోయాడు. కర్ర తీసి నా కుర్చీ చేతి మీద మెల్లగా తట్టాడు. "ఈ కర్ర లేకుంటే నువ్వు యాడుందువు? పేడ ఎత్తుకుంటా ఉందువు. వాళ్ళ నాయన సొంత నోట్తో సెప్పినాడు నాకు. ఇంకొగటి ఉండాదిలే, దూకుతాది. దూకకుంటే నేను సూసుకుంటా. నువ్వు జెండా సూసుకో."

పోయాడు. ఆయన మాటలో ద్వేషం లేదు, అదే నన్ను కాల్చింది. ద్వేషం ఉంటే ఎప్పుడో ఒకనాడు అలిసిపోయేవాడు. ఆయనకు నిజంగానే నేను గర్వం, ఆ కర్ర మీద ప్రేమ, మేఘన పిక్కల మీద ఇంకో రికార్డు రాస్తున్నాననుకుంటున్నాడు. నా దగ్గర రెండు జెండాలున్నాయి, ఎర్రది తొడ మీద, తెల్లది కుర్చీ కింద. గాలి ఇంకా పెరిగింది, బార్ వణుకుతోంది. రూలు ఒకటుంది. పిల్ల తగలకుండా దాటేశాక గాలికి బార్ పడితే అది తప్పు కాదు, తెల్ల జెండా ఎత్తొచ్చు. గాలి ఉంది, సాక్షులున్నారు, గోపాలస్వామి మాస్టరు కూడా అవునమ్మా గాలే అంటాడు, మంచి మనిషి. బార్ పడినా సరే తెల్లది ఎత్తేస్తాను, పిల్ల స్టేట్‌కు పోతుంది, సారు మూడో వేలు ఎత్తడు, అనుకున్నాను. కుర్చీ కింద చెయ్యి పెట్టి తెల్ల జెండా తీసి పట్టుకున్నాను. దూకు తల్లీ, ఎట్లాగైనా దూకు, మిగతాది నేను చూసుకుంటాను. ఆ ఆఖరి మాట సారు మాటే అని తర్వాత తట్టింది.

మేఘన నిలబడింది. పెదవులు కదులుతున్నాయి, దేవుణ్ణి తలుచుకుంటోందా, దెబ్బలు లెక్కపెట్టుకుంటోందా. పరిగెత్తింది. వంపు, వాలు, తన్ను, పైకి. ఇంతకు ముందు రెండుసార్లకంటే పైకి లేచింది, భయం ఎంత ఎత్తుకు లేపుతుందో నాకు తెలియనిది కాదు, ఆ ఎత్తు చూసి జనం ఓ అన్నారు. నడుము, తొడలు, మోకాళ్ళు. ప్యాంటు జారింది, వాతలు మళ్ళీ ఎండలో మెరిశాయి, ఈసారి గుడ్డ అంచు బార్‌ను ముద్దు పెట్టుకున్నంత మెల్లగా తాకింది. నేను చూశాను. బార్ వణికింది, నిలబడింది. పిల్ల పరుపు మీద పడి, లేచి, చేతులు రెండూ పైకెత్తింది. నవ్వింది. ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే గాలి ఒక తోపు తోసింది, బార్ ఆలోచించుకుని ఆలోచించుకుని పడింది. గ్రౌండ్ మొత్తం నా వైపు తిరిగింది. గాలి గాలి అని ఎవరో అరిచారు. తెల్ల జెండా నా కుడిచేతిలో ఉంది. ఎత్తితే ఒకటీ యాభై దాటినట్టు, తర్వాత ఒకటీ యాభై మూడు పెడతారు, అదెట్లాగూ పడుతుంది, అప్పుడు మూడో వేలు లేస్తుంది, స్టేట్‌లో పడుతుంది, వేలు లేస్తుంది, పడకపోతే ఎత్తు పెంచుతారు, పడేదాకా పెంచుతూనే పోతారు, ఈ ఆటే అంత, ఎంత గొప్పగా దూకినవాళ్ళకైనా ఆఖరికి మిగిలేది పడ్డ బారే. జెండాతో ఎన్నిసార్లు కాపాడతాను? పైగా పిల్లకు తెలుసు. గుడ్డ తగిలిందని దాని చర్మానికి తెలుసు, చేతులు దించేసింది, నా జెండా కోసం చూడనేలేదు. నేను ఎర్రది ఎత్తాను. జనం ఉసూరుమన్నారు. సారు మూడు వేళ్ళు చూపించి, మోకాళ్ళ మీద చేతులు ఊని లేచి, ఒళ్ళు విరుచుకుని, కర్ర తీసుకుని సామాన్ల రూము వెనక్కి నడిచాడు. ఆయన కంటే ముందే మేఘన బయల్దేరింది.

జెండాలు రెండూ పరుపు మీద పడేశాను. నడిచాను, పరిగెత్తాను, ఆ మోకాలితో పరిగెత్తి ఎన్నాళ్ళయిందో, లోపల ఎముకలు ఒకదాన్నొకటి నూరుకుంటున్నాయి. రూము వెనక నీడ, చల్లగా, ఉచ్చ వాసన. గోడ మీద సున్నం పోయిన మచ్చలు జంటలు జంటలుగా, పిల్లల చెమట చేతులు ఆని ఆని పోయిన మచ్చలు, ఒక్కో పిల్ల ఎత్తును బట్టి ఒక్కో చోట. మేఘన ఇంకా గోడ దాకా పోలేదు. సారు కర్రను గాలిలో ఒకసారి ఆడించి చూసుకుంటున్నాడు, అలవాటు, ఆ చప్పుడు వింటే చాలు నేను ముప్పై ఏళ్ళ వెనక్కి పోతాను, పోయాను, పోయి తిరిగొచ్చి కర్ర చివర పట్టుకున్నాను. "ఏం రామాంజీ" అన్నాడు. లాగాను. సైకిల్ ట్యూబు చుట్టిన పిడి నా అరచేతిలోకి వచ్చింది, ఆయన చేతి వేడి ఇంకా దాని మీద ఉంది. మొదటిది మణికట్టు మీద కొట్టాను. రెండోది భుజం మీద. "పిచ్చి పట్టిందా నీకు" అని అరిచాడు, తిరిగి పోబోయాడు, అప్పుడు పిక్కలు దొరికాయి. పిక్కలు. ఆ తెల్ల బూట్ల పైన ముసలి పిక్కలు, వాటి మీద కొట్టాను, తేలు కుట్టిన రోజుకు కొట్టాను, వాన రోజుకు కొట్టాను, పేపర్లో ఫోటోకు కొట్టాను, పేడ ఎత్తుకుంటా ఉందువన్న మాటకు కొట్టాను, చచ్చి మట్టిలో ఉన్న నాన్నకు కూడా ఈయన కాళ్ళ మీదే కొట్టాను. వెదురు చీలి ఒక పేడు లేచింది, అది ఆయన ప్యాంటును చింపి రక్తం తెచ్చింది. మోకాళ్ళ మీద కూలబడ్డాడు, బోర్లా పడ్డాడు, వెల్లకిలా తిరిగాడు, "వద్దు తల్లీ" అన్నాడు. కళ్ళజోడు ఊడి పక్కన పడింది. కర్ర ఎత్తి ఉన్న నాకు ఆయన కళ్ళు కనిపించాయి, ముసలివి, నీళ్ళు నిండినవి, నన్ను గుర్తుపట్టనివి. వాటిని వదిలేశాను. కొట్టగలిగిన చోటంతా కొట్టాను, కళ్ళు రెండూ వదిలేశాను.

ఊపిరి అందలేదు. ఒళ్ళంతా చెమట, నోట్లో చెనక్కాయల పొట్టు రుచి, ఎక్కడి నుంచి వచ్చిందో. లోపల మాత్రం హాయిగా ఉంది, వేలు విరిచినప్పటి హాయి, గాలిలో ఉన్నప్పటి హాయి, సిగ్గులేని హాయి. గోపాలస్వామి మాస్టరు పరిగెత్తుకొస్తూ ఏదో అరుస్తున్నాడు, ఆయన వెనక జనం. ఉద్యోగం పోతుంది, పోనీ. కేసు పెడతారు, పెట్టుకోనీ. ఇంక ఈ పిల్ల మీద ఎవరూ చెయ్యి వేయరు, అంతే చాలు నాకు. తిరిగాను. మేఘన అక్కడే ఉంది, అన్నీ చూసింది, రెప్ప వేయకుండా చూస్తూనే ఉంది.

"అయిపోయింది మే" అన్నాను, "రామ్మా, మనింటికి పోదాం. ఇట్ల రా." దాని చెంప తుడుద్దామని చెయ్యి ఎత్తాను.

పిల్ల నా మొహం చూడలేదు. నా చెయ్యి చూసింది. మెల్లగా గోడ వైపు తిరిగింది, వంగి రెండు కాళ్ళ ప్యాంటూ మోకాళ్ళ పైకి లాక్కుంది, చేతులు గోడ మీది తన మచ్చల మీద ఆనించింది.

"మూడు తూర్లు పడగొట్నానత్తా" అంది, గొంతు వణక్కుండా.

చూసుకుంటే కర్ర ఇంకా నా చేతిలోనే ఉంది.